టికెట్లు కొనకముందే ఇది చదువు, అబ్బయా

కావలి

చిరంజీవి పెంచల్ ప్రసాద్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న బజారుకు వచ్చి, అట్నుంచి అటే మా ఇంటికి వచ్చింది. వేసవి సెలవుల్లో పెళ్ళాం పిల్లల్ని తీసుకుని దుబాయ్ పోతున్నావని, మీ బావమరిది రమ్మంటున్నాడని, ఈ వారంలోనే టికెట్లు కొంటున్నావని చెప్పింది. నీకోసం రొట్టెల పండక్కి నెల్లూరు పోయి స్వర్ణాల చెరువులో, విదేశం పోవాలని కోరుకునేవాళ్ళు పట్టే విదేశీ రొట్టె కూడా పట్టిందంట. "రొట్టె చేతికొచ్చింది బావగారూ, ఇంకేం అడ్డం?" అంది. ఆ చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో ఉన్న పన్నెండుమందీ యుద్ధంలో ప్రాణాలిచ్చినవాళ్ళే. సిపాయివి కాబట్టి వాళ్ళ దీవెన నీకు ఉంటుంది. కానీ నీ సీఓ, అదే మీ కమాండింగ్ ఆఫీసర్, పెట్టాల్సిన సంతకం వాళ్ళు పెట్టలేరు కదా. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా.

మొదటి మాట, టికెట్లు ఇప్పుడు కొనొద్దు. లీవ్ దొరికితే ఎక్కడికైనా పోవచ్చనుకుంటున్నావేమో. ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్ ఉంది, నిజమే. అది మన ఊరు కలిగిరికి రావడానికి. దేశం దాటాలంటే దానికి వేరే అనుమతి కావాలి, ఎక్స్-ఇండియా లీవ్ అంటారు. హెడ్ క్లర్క్‌ని అడిగితే ఫారం ఇస్తాడు. ఏ దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరింట్లో ఉంటావు, వాళ్ళు నీకేమవుతారు, ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాయాలి. ఆ కాగితం సీఓ బల్ల మీద ఆగదు, పైకి పోతుంది. పోయినంత తొందరగా కిందికి రాదు. రెండు మూడు నెలల ముందే పెట్టుకో. మంజూరు కాగితం చేతికి వచ్చాకే టికెట్ ఏజెంట్ గుమ్మం తొక్కు. ముందే కొని, "డబ్బులు పోతాయి సార్" అని సీఓ దగ్గర మొహం వేలాడేస్తే ఆయన కరగడు. నేను సుబేదార్‌గా ఉన్న రోజుల్లో అలాంటి మొహాలు చాలా చూశాను, నేనూ కరగలేదు.

సర్కారు ఇచ్చే ప్రయాణ వారెంటు మీద పోదామనో, ఎల్‌టీసీలో, అదే లీవ్ ప్రయాణానికి సర్కారు ఇచ్చే ఖర్చులో, కలుపుదామనో చూడకు. అవి మన దేశం లోపలికే. దుబాయ్ ఖర్చు నీ జేబులోదే.

ఇంతగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. ఇంట్లో మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఇది. 1993లో నేను బీహార్‌లో ఉన్నాను. జులైలో పది రోజులు లీవ్ దొరికింది. ఇద్దరు స్నేహితులు నేపాల్‌లో పశుపతినాథుడి దర్శనానికి పోదామన్నారు. రక్సౌల్‌లో దిగి బోర్డర్ నడిచి దాటితే అవతల బీర్‌గంజ్. పాస్‌పోర్ట్ అడిగేవాడు లేడు, వీసా లేదు. ఇది కూడా ఫారిన్ అంటారా అనుకున్నాం. దర్శనం బాగా జరిగింది. తిరిగొచ్చే ముందు రోజు వాన పట్టుకుంది. ఆ వరదలకు ఖాట్మండు నుంచి కిందికొచ్చే దారిలో వంతెనలే కొట్టుకుపోయాయి. ఖాట్మండుకు దారి తెగిపోయింది. నా లీవ్ సర్టిఫికెట్ మీద ఉన్న చిరునామా నెల్లూరు జిల్లా కలిగిరి. మనిషిని ఖాట్మండు సత్రంలో తడిసిన దుప్పటి కప్పుకుని కూర్చున్నా. యూనిట్ వాళ్ళు ఊరికి టెలిగ్రామ్ కొడితే మీ తాతకు ఏం చెప్పాలో తెలియలేదు. పాపం, ఆయనకు నేను లీవ్‌లో ఉన్న సంగతే తెలియదు.

ఆరు రోజులు లేటుగా వచ్చాను. వరద నా తప్పు కాదని అందరికీ తెలుసు. "వరద సంగతి సరే, చిరునామా సంగతి చెప్పు" అన్నాడు కంపెనీ కమాండర్. దానికి నా దగ్గర జవాబు లేదు. కాండక్ట్ షీట్‌లో, అంటే నడవడిక రాసే కాగితంలో, రెడ్ ఇంక్ ఎంట్రీ అనే మచ్చ పడింది. నా తర్వాత చేరినవాడు నాకంటే ముందు నాయక్ అయ్యాడు. ఆర్మీ యాక్ట్ 39వ సెక్షన్ నీకు చదివి వినిపించే ఉంటారు. లీవ్ దాటి ఉండిపోతే మూడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. 30 రోజులు దాటితే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ పెడతారు. నేను అంత దూరం పోలేదు గానీ, ఆ ఎర్ర సిరా మాత్రం పెన్షన్ దాకా నా వెంటే వచ్చింది. కాబట్టి నేపాల్ అయినా, భూటాన్ అయినా వీసా అక్కర్లేదు కదా అని అనుమతి కూడా అక్కర్లేదనుకోకు.

ఇక పాస్‌పోర్ట్. నువ్వు పటాలంలో చేరకముందు కువైట్ పోదామని ఒకటి తీశావు, నాకు గుర్తుంది, ఫోటోలో మీసం కూడా సరిగా రాలేదు. దాని పదేళ్ళూ అయిపోయే ఉంటాయి. కొత్తదానికి పెట్టేటప్పుడు ఉద్యోగం దగ్గర ప్రభుత్వోద్యోగి అనే రాయి. "ప్రైవేట్ అని పెడితే తొందరగా వస్తుంది అన్నా" అని మన ఊళ్ళో నెట్ సెంటర్ కుర్రాళ్ళు సలహా ఇస్తారు. పాస్‌పోర్ట్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం తప్పుడు సమాచారం ఇస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నెట్ సెంటర్ వాడికి పోయేదేమీ లేదు. యూనిట్ నుంచి ఎన్‌ఓసీయో (అభ్యంతరం లేదనే కాగితం), గుర్తింపు పత్రమో, ముందస్తు సమాచార లేఖో తీసుకుని నెల్లూరు పోస్టాఫీసులో ఉన్న పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి పో. పాస్‌పోర్ట్ రాగానే దాని నంబరు యూనిట్ రికార్డులో ఎక్కించు. ఒక సంగతి చాలామంది పొరబడతారు: పాస్‌పోర్ట్‌కి ఇచ్చిన ఎన్‌ఓసీ పుస్తకం తీసుకోవడానికే, విమానం ఎక్కడానికి కాదు.

వీసా ఫారంలోనూ అంతే. నేను అమెరికాలో అమ్మాయి దగ్గరికి పోయేటప్పుడు ఫారంలో "సైన్యంలో పనిచేశారా" అని అడిగాడు. ఏ విభాగం, ఏ ర్యాంకు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, అన్నీ. ఏజెంటు "నో పెట్టేద్దాం అంకుల్, తలనొప్పి ఉండదు" అన్నాడు. కుదరదన్నాను. అడిగినంత నిజం రాశాను, అడగనిది ఒక్క అక్షరం రాయలేదు. వీసా వచ్చింది. నువ్వు సర్వీసులో ఉన్నావు కాబట్టి, ఫారంలో అలాంటి ప్రశ్న వస్తే ఏం రాయాలో యూనిట్‌లోనే అడుగు.

పోయి వచ్చే తేదీలు పెట్టుకునేటప్పుడు లీవ్ ఆఖరి రోజున దిగేలా పెట్టుకోవద్దు. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో వాన పడింది చూడు, ఎడారిలో ఎయిర్‌పోర్ట్ చెరువైపోయింది, జనం రోజుల తరబడి అక్కడే పడుకున్నారు. నాలుగు రోజులు చేతిలో ఉంచుకో. ఆ నాలుగు రోజులూ ఊళ్ళో మీ అమ్మ చేతి చేపల పులుసు తింటూ గడుపు, ఎవరొద్దన్నారు? అయినా ఇరుక్కుంటే అదే గంటలో యూనిట్‌కి ఫోన్ చెయ్, మెసేజ్ కూడా పెట్టు. విమానం రద్దయినట్టు ఎయిర్‌లైన్ వాడి దగ్గర కాగితం తీసుకో. దుబాయ్‌లో మన కాన్సులేట్ ఉంది, అబుదాబిలో ఎంబసీ ఉంది, రెండు నంబర్లూ కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకో. ఫోన్‌లో ఉంటే చాలదు, ఫోనే పోతే?

సంచి గురించి ఇంకా ముఖ్యం. నీ పాత పిట్టూ, అదే వీపు సంచి, ఫైరింగ్ రేంజ్‌కి తీసుకుపోయే బ్యాగూ ఇంట్లో వదిలెయ్. మా బెటాలియన్‌లో ఒక తమిళ తంబి లీవ్‌కి ఇంటికి పోతూ ఎయిర్‌పోర్ట్‌లో దొరికిపోయాడు. బ్యాగు పక్క జేబు కుట్టు లోపల ఒక ఖోఖా ఉండిపోయింది, కాల్చేసిన ఖాళీ తూటా. ఎప్పుడో ఫైరింగ్ రోజు జారి పడింది, వాడికే తెలియదు. ఇత్తడి ముక్క అంతే, కానీ ఎక్స్‌రే మిషన్‌లో కనిపించింది తూటా ఆకారమే. ఫ్లైట్ పోయింది, పోలీసులొచ్చారు, యూనిట్‌కి ఫోన్ పోయింది. మన దేశంలో కాబట్టి రెండు రోజుల్లో తేలింది. పరాయి ఎయిర్‌పోర్ట్‌లో అయితే ఏం కథ చెబుతావు? కొత్త బ్యాగు కొను. నెల్లూరు ట్రంకు రోడ్డులో రెండు వేలకే దొరుకుతుంది.

చిట్టిగాడికి చారల ప్యాంటు, టోపీ కొన్నావు కదా, మిలిటరీ రంగుల్లో. అవి ఇంట్లోనే. వెస్టిండీస్ వైపు బార్బడోస్, జమైకా లాంటి చోట్ల ఆ బట్టలు పౌరులు వేసుకోవడమే నేరం, పసిపిల్లలకైనా సరే. దుబాయ్‌లో పట్టుకోకపోయినా, నువ్వెవరో చాటింపు వేసుకుంటూ తిరగడం ఎందుకు? క్యాంటీన్ కార్డు కూడా వద్దు. ఐ-కార్డు ఎక్కడ పెట్టాలో యూనిట్‌ని అడుగు, దాన్ని మాత్రం దేశం దాటించొద్దు.

మందుల విషయంలో ఒక మెలిక ఉంది. గల్ఫ్‌లో ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోతే కేసే. మామూలు మందులకైనా చీటీ ఉండాలి. నీ నడుం నొప్పికి ఎంహెచ్‌లో, అదే మిలిటరీ ఆసుపత్రిలో, రాసిచ్చిన చీటీ పట్టుకుపోతావేమో, దాని మీద నీ ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు అన్నీ ఉంటాయి. కావలిలో బయట డాక్టరుకు చూపించి వేరే చీటీ రాయించుకో. గసగసాలు అసలు తీసుకుపోవద్దు. మనకు కూరలో వేసుకునేది, వాళ్ళకు మత్తుపదార్థం. కోడలికి ప్రత్యేకంగా చెప్పు.

ఇతరుల పార్సిళ్ళు వద్దు. దుబాయ్ పోతున్నావని తెలిస్తే సగం మండలం నీ గుమ్మం ముందు ఉంటుంది: మా వాడికి ఈ ప్యాకెట్ ఇవ్వు, వచ్చేటప్పుడు ఈ గొలుసు తీసుకురా అని. మొహమాటం మన జిల్లావాళ్ళ జబ్బు. వద్దంటే వద్దు. అడిగితే నా పేరు చెప్పు, పెదనాన్న ఒప్పుకోలేదని. నన్ను తిట్టుకోనీ.

ఇప్పుడు ఫోన్. 2019 డిసెంబరులో మన రాష్ట్ర పోలీసు ఇంటెలిజెన్స్ వాళ్ళే విశాఖలో నేవీ కుర్రాళ్ళను పట్టుకున్నారు, గుర్తుందా? ఫేస్‌బుక్‌లో ఆడపిల్ల పేరుతో పలకరింపు దగ్గర మొదలై, ఓడల కదలికల దాకా పోయింది. వాళ్ళెవరూ పుట్టుకతో దొంగలు కారు. అలాంటివన్నీ చూశాకే 2020 జులైలో 89 యాప్‌లు తీసేయమని ఆర్మీ ఆర్డరిచ్చింది, ట్రూకాలర్ కూడా అందులో ఉంది. ఎందుకంటావా? నీ నంబరును స్నేహితులు "పెంచల్ ఆర్మీ" అని సేవ్ చేసుకుంటారు, ఊరూపేరూ తెలియనివాడికి అదే కనిపిస్తుంది. కాబట్టి రోజూ వాడే ఫోన్ ఇంట్లో పెట్టి, వేరే ఫోన్ తీసుకుపో. యూనిట్ గ్రూపులు, యూనిఫాం ఫోటోలు, పరుగు లెక్కపెట్టే యాప్‌లు అందులో ఉండకూడదు. 2018లో స్ట్రావా అనే యాప్ మ్యాపులో సిపాయిలు పరిగెత్తిన గీతలను బట్టి ఎడారుల్లో ఉన్న స్థావరాలు బయటపడ్డాయి. నువ్వు ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేదు, నీ చేతి వాచీ చెబుతుంది. కోడలు స్టేటస్‌లు పెట్టేది కూడా వెనక్కి వచ్చాకే. "మా హీరోతో దుబాయ్" అని ఎయిర్‌పోర్ట్ నుంచే పెట్టడం సరదాగానే ఉంటుంది, తెలుసు.

అన్నిటికంటే నాకు టెన్షన్ మాటలతోనే. దుబాయ్‌లో టాక్సీ ఎక్కితే నడిపేవాడు పెషావర్ వాడు కావచ్చు, లాహోర్ వాడు కావచ్చు. హిందీ బాగా మాట్లాడతాడు, నీకూ బాగా వచ్చు. "క్యా కామ్ కర్తే హో భాయ్?" అంటాడు. నూటికి తొంభైతొమ్మిది మంది ఊసుపోక అడుగుతారు, ఆ ఒక్కడెవరో నీ కంటికి తెలియదు. "గవర్నమెంట్ నౌకరీ" అని చెప్పి, వాన గురించి అడుగు, క్రికెట్ గురించి అడుగు. ఎదురు ప్రశ్న వెయ్. మీ బావమరిది రూంలో వాడి స్నేహితులు ఉంటారు కదా, వాడితో ముందే చెప్పు, "మా బావ ఆర్మీ" అని గొప్పగా పరిచయం చేయొద్దని. మన తెలుగువాళ్ళే కదా అనుకోకు, ఆ మాట అక్కడి నుంచి ఎటు పోతుందో ఎవరికి తెలుసు? మళ్ళీ మళ్ళీ ఎదురుపడేవాడు, భోజనానికి పిలిచేవాడు, జీతం గురించి అడిగి అయ్యో అనేవాడు, వీళ్ళ సంగతి తిరిగి రాగానే యూనిట్‌లో చెప్పెయ్. చెప్పుకుంటే సిగ్గేముంది? ఏ యూనిట్‌లో ఉన్నావో ఈ ఉత్తరంలో నేను కూడా ఎక్కడా రాయలేదు చూడు.

అక్కడ ప్రభుత్వ భవనాలు, ఎయిర్‌పోర్ట్, మిలిటరీ బండ్ల ఫోటోలు తీయొద్దు, కేసు పెడతారు. బుర్జ్ ఖలీఫా ముందు ఎన్నైనా తీసుకో.

తిరిగి రాగానే రిపోర్ట్ చెయ్. అనుమతిలో రాసిన దేశం ఒక్కటే తిరిగావు కదా? అక్కడి నుంచి ఇంకో దేశం చవగ్గా ఉందని ఎవరన్నా అంటే వద్దను. వచ్చే పోయే ఫ్లైట్ మధ్యలో ఎక్కడ దిగుతుందో కూడా అనుమతి కాగితంలో రాయి. చెన్నై నుంచి నేరుగా నాలుగు గంటల చిల్లర ప్రయాణం, వెయ్యి రెండు వేలు మిగులుతాయని చుట్టు తిరిగి పోవద్దు.

పార్సిళ్ళు వద్దని రాసిన ముక్క మీ పెద్దమ్మకు చదివి వినిపిస్తే ఒకటే నవ్వు. మీ బావమరిదికని రెండు కిలోల ఆవకాయ అప్పుడే సీసాకెత్తింది. నా కళ్ళ ముందే కలిపింది కాబట్టి దీన్నొక్కదాన్నీ తీసుకుపో. చేతి సంచిలో పెడితే చెన్నైలోనే తీసి పక్కన పెడతారు, పెద్ద బ్యాగులో బట్టల మధ్య కుక్కు. మూత మీద రెండు కవర్లు కట్టమన్నాను.

ఇట్లు
మీ పెదనాన్న