పై వాటా, ఏసీ, కరెంటు బిల్లు: సమాధానం

పటమటలో పై వాటా, ఏసీ రాత్రంతా వేసినా గది చల్లబడట్లేదు, బిల్లు మాత్రం రెట్టింపైందన్నారు కదండీ. నా లెక్కలో తప్పు ఏసీది కాదు, స్లాబుది. బెజవాడ ఎండకి పగలంతా కాగిన డాబా రాత్రంతా ఆ వేడిని గదిలోకి దింపుతూనే ఉంటుంది. ముందు డాబా కడిగించి, ఎండని వెనక్కి కొట్టే తెల్ల కూల్‌రూఫ్ పెయింటు రెండు పూతలు వేయించండి. ఓనరుగారు ఒప్పుకోకపోతే కనీసం గ్రీన్ షేడ్‌నెట్ కట్టించండి, స్లాబుకి కాస్త ఎత్తులో.

ఏసీ ఫిల్టరు కడిగి, 24 మీద పెట్టి ఫ్యాను కూడా వేయండి. పాత ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది, తక్కువ కరెంటు తీసుకునే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర్లో. ప్లగ్గులో పెట్టే ‘పవర్ సేవర్’ డబ్బాలు మాత్రం కొనకండి, దండగ.

సొంతిల్లయితే కేంద్రం వారి పీఎం సూర్యఘర్ పథకంలో డాబా మీద పెట్టే 3 కిలోవాట్ల సోలారుకి రూ.78,000 సబ్సిడీ ఉంది. మీటరు మీద అనుమానముంటే కరెంటు వాళ్ల హెల్ప్‌లైన్ 1912కి ఫోన్ చేయండి.