జర్మనీ స్పౌస్ వీసాకి ఏ1 తప్పదా? ముందు మీ ఆయన కార్డు చూడండి

కావలి నుంచి అడిగిన చెల్లెమ్మా, "మా ఆయన మ్యూనిక్‌లో ఉద్యోగం, నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు, అయినా జర్మన్ పరీక్ష రాయాలా" అన్నారు కదా. ఇంగ్లీషు వస్తే సరిపోదు, ఏ1 అంటే జర్మన్ భాషలో మొదటి మెట్టు పరీక్ష. కోచింగ్ సెంటర్‌కి డబ్బు కట్టే ముందు మాత్రం మీ ఆయన్ని రెసిడెన్స్ కార్డు ఫొటో పెట్టమనండి. దాని మీద బ్లావె కార్టె ఈయూ అని ఉంటే, అంటే పెద్ద చదువుల ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు అయితే, భార్యకి ఏ1 అక్కర్లేదు. ఈ సంగతి మన నెల్లూరులో కోచింగ్ వాళ్ళు ఎందుకు చెప్తారు!

మా ఆయన అప్పటికే జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు కాబట్టి నాకు తప్పలేదు. స్పౌస్ వీసాకి ఏ1 రాయాలన్నది 2007 నుంచి ఉన్న రూల్. సర్టిఫికెట్ గోథే, టెల్క్, ఓఎస్‌డీ లాంటి పరీక్షలు పెట్టే సంస్థలదే చెల్లుతుంది, కోర్సు పూర్తిచేశారని సెంటర్ వాళ్ళిచ్చే కాగితం వీసాకి పనికిరాదు. నేను పినాకిని రైల్లో చెన్నై వెళ్ళి నుంగంబాక్కం మాక్స్‌ముల్లర్ భవన్‌లో, అంటే గోథే వాళ్ళ సెంటర్‌లో రాశాను.

వందకి అరవై వస్తే పాస్. రాయడం పెద్ద కష్టమేం కాదు, ఒక ఫారం నింపాలి, ముప్పై మాటల్లో చిన్న ఉత్తరం. టెన్షన్ అంతా వినడంలోనే, ఎందుకంటే రైల్వే స్టేషన్‌లోనో షాపులోనో చెప్పే అనౌన్స్‌మెంట్లు ఒక్కసారే వినిపిస్తారు, మిగతావి రెండుసార్లు. మాట్లాడేది గ్రూపులో, పక్కవాళ్ళు అడిగిందానికి మీరు జవాబివ్వాలి. పేరు, ఊరు, పని చెప్పాక ఏదో ఒక పేరు స్పెల్లింగ్, ఒక ఫోన్ నంబరు చెప్పమంటారు. మా ఇంటిపేరు బారెడుంటుంది, అందులో జె, వి, డబ్ల్యూ మూడూ ఉన్నాయి, జర్మన్‌లో వాటిని యోట్, ఫౌ, వే అనాలి, రోజూ అంట్లు తోముకుంటూ అదే పాట. మా అత్తమ్మ "ఏందమ్మా ఈ మంత్రాలు" అనేది.

నాతో రాసినమ్మాయి ఒకామె బట్టీపట్టిన పరిచయం గడగడా చెప్పేసింది గానీ, పక్కనున్నాయన ఆదివారం ఏం చేస్తారని అడిగితే నోట మాట రాలేదు. కాబట్టి రాత్రిపూట మీ ఆయనతో ఫోన్‌లో కాసేపు జర్మన్‌లోనే మాట్లాడండి, తప్పులొస్తే రానివ్వండి. పరీక్ష సీట్లు త్వరగా నిండిపోతాయి, కోర్సు అయ్యేదాకా ఆగకుండా తేదీలు చూస్తూ ఉండండి. సర్టిఫికెట్ చేతికొచ్చినా మాట్లాడడం మానకండి, వీసా కౌంటర్‌లో నన్ను నా పని గురించీ ఇంట్లోవాళ్ళ గురించీ జర్మన్‌లోనే అడిగారు.