తలలో మోస్తున్న జాబితాను కిందికి దించు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. దసరా సెలవులకు నువ్వు రాజమండ్రి వచ్చి వెళ్లినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటున్నాను. ఆ మూడో రోజు రాత్రి నాకు ఇంకా కళ్లముందే ఉంది. పదిన్నర దాటింది. పిల్లల్ని పడుకోబెట్టి, వంటింటి గట్టు తుడిచి, నువ్వు అప్పుడే ఫోను చేతిలోకి తీసుకున్నావు. పెద్దవాడి తరగతి వాట్సాప్ గ్రూపులో వందకు పైగా సందేశాలు. ఆ శుభోదయాలూ దండాలూ దాటుకుంటూ వెళితే, ఎక్కడో మధ్యలో టీచరు పెట్టిన రెండు వాక్యాలు: బడి తెరిచిన రోజు పసుపు చొక్కా వేయాలి, చార్టు మీద రకరకాల ఆకులు అతికించి తేవాలి. నువ్వు గోడకు ఆనుకుని కూర్చుని, "పెద్దమ్మా, పని చేయడం కష్టం కాదు, గుర్తు పెట్టుకోవడమే కష్టంగా ఉంది" అన్నావు. పక్క గదిలో అల్లుడుగారు నిద్రపోతున్నారు. ఆయన మంచి మనిషి, చెబితే చేస్తారు. కానీ ఆ చెప్పడం కూడా నీ పనే అయింది.

ముప్పై నాలుగేళ్లు బ్యాంకు కౌంటరులో కూర్చుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. అప్పట్లో నా జాబితా అంతా వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడే క్యాలెండరు మీద ఉండేది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పిల్లల టీకాలు, ఫీజు గడువు, అన్నీ ఆ గళ్లలోనే. ఆ క్యాలెండరు ఇంట్లో అందరికీ కనబడేది. మీ పెద్దనాన్న మంచినీళ్లు తాగుతూ అటు చూసి, "ఈ రోజు టీకా కదా, నేను తీసుకెళ్లి వస్తాను" అనేవారు. నేను నోరు తెరవాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు నీ ఫోను నీకొక్కదానికే కనబడుతోంది. దాన్ని మళ్లీ గోడ క్యాలెండరులా అందరికీ కనబడేలా చేయి. ఈ ఒక్క పని కుదిరితే నేను రాసే మిగతావన్నీ తేలిక.

చేయవలసిందల్లా ఇది. గూగుల్‌లో కుటుంబ గ్రూపు ఒకటి పెట్టి అల్లుడుగారిని చేర్చు. చేర్చగానే క్యాలెండరు యాప్‌లో ఫ్యామిలీ పేరుతో ఒక క్యాలెండరు దానంతట అదే వస్తుంది. అందులో నువ్వు రాసింది ఆయనకూ కనబడుతుంది, ఆయన రాసింది నీకూ కనబడుతుంది. ఆయన ఫోనులో కూడా గుర్తుచేసే గంట మోగేలా ఆయన చేతే పెట్టించు. గంట వేళ విషయంలో మాత్రం నా మాట విను. చాలామంది పని ఉన్న రోజు ఉదయానికి పెట్టుకుంటారు. పొద్దున్న ఏడింటికి "ఈ రోజు చార్టు" అని మోగితే చార్టు ఎక్కడ దొరుకుతుంది? ముందురోజు సాయంత్రం ఆరింటికి పెట్టండి. అప్పటికి దుకాణాలు తెరిచే ఉంటాయి, ఇద్దరిలో ఒకరు దారిలోనే ఉంటారు. బుధవారం తెల్ల యూనిఫాం, నెలలో మొదటి శనివారం తల్లిదండ్రుల సమావేశం లాంటివి ఒక్కసారి రాసి, పదేపదే వచ్చేలా పెడితే చాలు.

తరగతి గ్రూపు శబ్దం ఆపేయి. రోజుకు రెండుసార్లు, మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే సరిపోతుంది. టీచరు సందేశం కనబడగానే దాన్ని వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకునే చాట్‌లోకి పంపు. ఆ చాట్‌ను పైన పిన్ చేసి పెట్టుకుంటే వెతుకులాట ఉండదు. తేదీ ఉన్న సందేశమైతే అక్కడికక్కడే క్యాలెండరులోకి ఎక్కించు. తర్వాత ఎక్కిద్దామంటే అది మళ్లీ నీ తలలోకే వచ్చి కూర్చుంటుంది.

సరుకుల సంగతి కూడా అంతే. గూగుల్ కీప్ అనే నోట్సు యాప్‌లో ఒక జాబితా రాసి ఆయనతో పంచుకో. చేతులు పిండిలో ఉన్నప్పుడు కీబోర్డు మీది మైకు గుర్తును చిటికెన వేలితో తాకి తెలుగులోనే చెప్పవచ్చు. "కందిపప్పు, కరివేపాకు, చిన్నదానికి పెన్సిళ్లు" అంటే అవే అక్షరాలై పడతాయి. కొన్న వస్తువు పక్కన ఆయన టిక్కు పెట్టగానే నీకు తెలిసిపోతుంది. ఇద్దరూ చెరో కట్ట కొత్తిమీర తెచ్చే బాధ తప్పుతుంది.

పత్రాల గురించి ఒక మాట. పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, టీకాల కార్డు అన్నింటినీ గూగుల్ డ్రైవ్‌లోని స్కాను సదుపాయంతో పీడీఎఫ్‌లుగా తీసి, ఒక్కొక్కరి పేరుతో ఒక్కో ఫోల్డరులో పెట్టు. టీకాల కార్డు ముఖ్యంగా. మీ అక్క పిల్లవాడి కార్డు మడతల దగ్గర చిరిగి, తేదీలు చెరిగిపోయి, బడిలో చేర్చే రోజున ఎంత ఇబ్బంది పడ్డామో నాకు తెలుసు. చిన్నదానికి వచ్చే మాఘంలో ఐదేళ్లు నిండుతాయి కదా. ఐదేళ్లలోపు పిల్లల ఆధార్‌కు వేలిముద్రలు తీసుకోరు. ఐదు నిండాక ఒకసారి, 15 ఏళ్లకు మరోసారి వేలిముద్రలు, కంటిపాప గుర్తులు ఇచ్చి రావాలి. డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) రెండో బూస్టరు కూడా ఐదారేళ్ల మధ్యే వేయిస్తారు. ఈ రెండూ ఈ రోజే క్యాలెండరులో వేసేయి. మీ ఇద్దరి లైసెన్సులు, బండి కాగితాలు ప్రభుత్వం వారి డిజిలాకర్ యాప్‌లోకి తెచ్చుకుంటే అవి అసలు పత్రాలతో సమానంగా చెల్లుతాయి. పర్సులో మోయనక్కరలేదు.

ఇక చిన్నదాని సంగతి. ఇది రాయడానికే మూడు రోజులు ఆలోచించాను. నిన్ను నొప్పించాలని కాదు తల్లీ, నేను చూసింది చెబుతున్నాను. ఆ పండగ రోజు మధ్యాహ్నం పప్పన్నం కలిపి దాని ముందు కూర్చున్నావు. ఫోనులో బొమ్మల పాట నడుస్తోంది. ముద్ద పెదవికి తగలగానే నోరు తెరుస్తోంది, కళ్లు మాత్రం కదలడం లేదు. నెయ్యి వేశావో లేదో, పక్కన వడియం ఉందో లేదో దానికి తెలియదు. నడుమ ఫోను మోగి పాట ఆగింది. నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని ఏడ్చింది. అప్పటికి కడుపు నిండిందో లేదో కూడా దానికి తెలియలేదు, నీకూ తెలియలేదు. ఆకలి, రుచి, చాలు అనే మాట, ఈ మూడూ పిల్లలు కంచం ముందే నేర్చుకోవాలి.

రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల లోపు వారికి రోజుకు గంటకు మించకూడదని, అది కూడా పెద్దవాళ్లు పక్కన ఉండగానే అని మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెబుతోంది. ఆ గంటను నువ్వు అన్నం వేళ ఖర్చు చేస్తున్నావు. దాన్ని సాయంత్రం నువ్వు వంట చేసుకునే వేళకు మార్చి, నీ కళ్లముందే కూర్చోబెట్టుకో. నీకూ చేతులు ఖాళీ అవుతాయి, కంచం దగ్గర గొడవా ఉండదు. మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తుంది, ఒక పూట సగమే తింటుంది. భయపడకు. ఆకలైన పిల్ల అడిగి తింటుంది.

ఇచ్చే ఆ గంట ఎలా ఇవ్వాలో కూడా చెబుతాను. మామూలు యూట్యూబ్ ఇవ్వకు. యూట్యూబ్ కిడ్స్ పెట్టి, అందులో నువ్వు ఎంచి అనుమతించిన వీడియోలే కనబడేలా మార్చు. అప్పుడు వెతకడానికి వీలుండదు, ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు, అక్కడి నుంచి ఎక్కడికో జారిపోదు. అందులోనే టైమరు ఉంది. సమయం అయిపోగానే యాప్ తనంతట తాను తాళం వేసుకుంటుంది. ఫోను నువ్వు లాక్కోలేదు, గంట కొట్టింది, అంతే. పిల్లలు మనిషితో పేచీ పెడతారు కానీ గంటతో పెట్టరు, నేను చూశాను. ఇంకో సంగతి, నీ ఫోను సెట్టింగుల్లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది. బయటకు రావాలంటే పిన్ అడిగేలా పెట్టి అది వేసి ఇస్తే, నీ లాకు నంబరు కొట్టకుండా ఆ ఒక్క యాప్ దాటి బయటకు రాలేరు. ఆఫీసు మెయిలు చెరిపేయడం, ఎవరికో ఫోను కలపడం ఉండవు. ఐఫోనులో దీన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు.

పెద్దవాడికి ట్యాబ్ కొన్నారు కాబట్టి అందులో ఫ్యామిలీ లింక్ పెట్టండి. రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి తాళం పడాలి, ఏ యాప్ దిగాలి అన్నీ మీ ఫోను నుంచే చూసుకోవచ్చు. అయితే వాడికి చెప్పకుండా పెట్టకండి. ఎనిమిదేళ్లవాడు, అర్థం చేసుకుంటాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్ని నిమిషాలో వాడి చేతే నొక్కించండి. లెక్కలు, పరిసరాల విజ్ఞానం పుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు ఉన్నాయి చూడు. దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. తెలుగు చదవడానికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, స్థాయిల వారీగా. రోజూ ఒకటి వాడు చెల్లికి చదివి వినిపించాలి. ఫొటో తీస్తే లెక్కకు జవాబు చెప్పే యాప్‌లు మాత్రం ఇప్పుడే వాడి చేతికి ఇవ్వకు. తప్పు చేసి, కొట్టేసి, మళ్లీ చేసే ఓపిక ఈ వయసులోనే రావాలి.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి నాలో బ్యాంకు ఉద్యోగి మేలుకుంటుంది. పోయిన వేసవిలో మీ అక్క కొడుకు ఒక ఆటలో ఏవో వజ్రాలు కొంటూ మూడు రోజుల్లో 2,760 రూపాయలు ఖర్చు పెట్టాడు. యూపీఐ పిన్ వాడికి ఎలా తెలిసింది? అది వాడు పుట్టిన సంవత్సరమే! మీ అక్క వాడి ముందే వందసార్లు కొట్టింది. కౌంటరులో కూర్చున్నప్పుడు కూడా పిల్లల పుట్టినరోజే పిన్‌గా పెట్టుకున్న తల్లులను ఎంతమందిని చూశానో. నీదీ అదే అయితే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు మార్చేయి. ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టు. కూరగాయలకు, ఆటోకు యూపీఐ లైట్ వాడుతున్నావు కదా, ఒక్కోసారికి 1,000 రూపాయల వరకు పిన్ లేకుండానే వెళ్లిపోతుంది. నీకు ఎంత సుఖమో పిల్లల చేతిలో అంత ప్రమాదం. ఆ యాప్‌కు వేలిముద్ర తాళం వేయి, అందులో వారానికి సరిపడా డబ్బే ఉంచు.

ఫీజు తిరిగి ఇస్తామని, స్కాలర్‌షిప్ వచ్చిందని ఎవరైనా క్యూఆర్ కోడు పంపితే ముట్టుకోకు. డబ్బు పంపడానికే పిన్ కొట్టాలి, మనకు రావడానికి ఎన్నడూ అక్కరలేదు. పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని వచ్చే ఏపీకే ఫైళ్లు (తెరిస్తే ఫోనులోకి కొత్త యాప్‌ను ఎక్కించేవి), తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే, తెరవవద్దు. పొరపాటు జరిగితే సిగ్గుపడుతూ కూర్చోక వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. మర్నాడు బ్యాంకుకు ఏడుస్తూ వచ్చినవాళ్లకు నేను ఏమీ చేయలేకపోయిన రోజులు ఉన్నాయి. అవి నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

పిల్లలు యూనిఫాంలో, బడి పేరు కనబడేలా ఉన్న ఫొటోలు స్టేటస్‌లో పెట్టకు. పెద్దవాడికి నీ నంబరు, వాళ్ల నాన్న నంబరు, ఆపదలో పిలిచే 112 నోటికి వచ్చేలా చేయి. ఫోను దగ్గర లేనప్పుడే ఫోను నంబర్లతో అవసరం పడుతుంది. మీరు రాత్రి బస్సులో బయలుదేరినప్పుడు లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు పెట్టి నాకు పంపు, నేను నిశ్చింతగా పడుకుంటాను.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నీ ఫోను మౌనంగా ఉండేలా పెట్టుకో. మీ అమ్మ నంబరు, నాది, అల్లుడుగారిది మాత్రమే మోగనివ్వు. ఆఫీసు వాళ్లు ఉదయం దాకా ఆగుతారు.

ఇవన్నీ ఒక్కరోజులో చేయకు. ఈ ఆదివారం పదకొండింటికి నేను వీడియో కాల్ చేస్తాను, అల్లుడుగారినీ పక్కన కూర్చోమను. క్యాలెండరు ముగ్గురం కలిసి పెడదాం. చిన్నదానికి అన్నం వేళ వినిపించడానికి ఏడు చేపల కథ నా గొంతుతో రికార్డు చేశాను, రాత్రి పంపుతాను. ఫోను గట్టు మీద బోర్లా పెట్టి వినిపించు, మాట వినబడాలి, తెర కనబడకూడదు. చీమ పుట్ట దగ్గర కాసేపు ఆపాను. ఆ తర్వాత ఏమైందో అది చెప్పాలి. ఏం చెప్పిందో నాకు రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ