ఉద్యోగం, పిల్లల మధ్య మీరు పుస్తకాలు ఎప్పుడు చదువుతారు? చదవడం వదిలేసినవాళ్లు దేనితో మళ్లీ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు కాలేజీ రోజుల్లో పుస్తకాల పురుగట. పెళ్లయ్యాక పదేళ్లలో ఒక్క పుస్తకం కూడా చివరిదాకా చదవలేదట. 'టైమ్ దొరకట్లేదు' అని రాశారు. టైమ్ సంగతి నాకు కొంచెం తెలుసు. నా ఉద్యోగమే గంటలు లెక్కపెట్టడం.

చీరాల దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్‌ని. మా దగ్గర రీడింగ్ అంటే పుస్తకం చదవడం కాదు. గంటగంటకూ ప్యానెళ్ల ముందుకు వెళ్లి, ఏ ఫీడర్ మీద, అంటే ఊళ్లకి కరెంట్ తీసుకెళ్లే ఏ లైన్ మీద, ఎంత లోడు ఉందో, వోల్టేజి ఎంతో చూసి లాగ్‌షీట్‌లో రాయాలి. దానికి పది నిమిషాలు పడుతుంది. రాత్రి డ్యూటీలో గాలీవానా లేకపోతే, ఏ ఫీడరూ ట్రిప్ అయి ఆగిపోకపోతే, మిగతా యాభై నిమిషాలు నావే. నిద్రపోకూడదు. సెల్ చూస్తూ కూర్చుంటే నిద్ర ఆగుతుంది గానీ తెల్లారేసరికి తల దిమ్మెక్కిపోతుంది. అలా పుస్తకం పట్టాను. 'నిద్రపోయేకంటే నయమేలేవయ్యా' అని అప్పటి మా అసిస్టెంట్ ఇంజినీర్ గారు చూసీచూడనట్టు వదిలేశారు.

ఒకసారి మాత్రం చీవాట్లు తిన్నాను. ఒక నవల మంచి పట్టు మీద ఉంది. రెండు గంటల రీడింగ్ రాసి కూర్చున్నవాణ్ని, తల ఎత్తి చూస్తే నాలుగు కావస్తోంది. లాగ్‌షీట్‌లో మూడు గంటల గడి బోసిగా ఉంది. రెండింటికీ నాలుగింటికీ మధ్య ఏదో ఒక అంకె వేసి పడేయొచ్చు, ఎవరూ పట్టుకోలేరు. కానీ చెయ్యి రాలేదు. అలాగే వదిలేసి, పొద్దున అడిగితే ఉన్న మాట చెప్పాను. ఆ రోజు నుంచి నాకు రెండు నియమాలు. ఒకటి, రాత్రి డ్యూటీకి నవల తీసుకెళ్లను, తీసుకెళ్లినా చిన్నదే. రెండోది, లైన్‌మన్ ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాడంటే, అంటే సప్లై ఆపించుకుని స్తంభం ఎక్కాడంటే, అతను దిగి 'అన్నా, అయిపోయింది, లైన్ ఇచ్చెయ్' అనేదాకా పుస్తకం ముట్టను. బల్ల సొరుగులో పెట్టి మూసేస్తాను. పైన ఒక మనిషి ప్రాణం నా చేతిలో ఉన్నప్పుడు ఎంత గొప్ప రచయితైనా ఆగాల్సిందే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీకు టైమ్ లేకపోవడం కాదేమో, మీ చేతిలో ఉన్న టైమ్‌కి సరిపడని పుస్తకం పట్టుకుంటున్నారేమో అని నా అనుమానం. పిల్లలు పడుకున్నాక దొరికే ఇరవై నిమిషాల్లో ఆరువందల పేజీల నవల తెరిస్తే ఏమవుతుంది? నిన్న ఎక్కడ ఆపామో, ఈ పాత్ర ఎవరి తమ్ముడో గుర్తు తెచ్చుకునేసరికే కళ్లు మూతలు పడతాయి. వారం తర్వాత ఆ పుస్తకం ఫ్రిజ్ మీదికి చేరుతుంది. తప్పు మీదీ కాదు, పుస్తకానిదీ కాదు.

అందుకని ముందు కథలు. కొడవటిగంటి కుటుంబరావు కథల సంపుటం ఏది దొరికితే అది తెచ్చుకోండి. 'చందమామ'ను ఏళ్ల తరబడి నడిపించిన మనిషి. ఒక్క మాట ఎక్కువ వాడడు. మన మధ్యతరగతి ఇళ్లలో డబ్బు, పెళ్లి, పరువు ఈ మూడూ ఎలా మెలికపడి ఉంటాయో ఆయన చెప్పినంత చల్లగా ఇంకొకరు చెప్పినట్టు నాకనిపించలేదు. కొన్ని కథలు చదువుతుంటే ఇది మా బాబాయి గురించే రాశాడా అనిపిస్తుంది. చాలా కథలు నాకు ఒక రీడింగ్‌కీ ఇంకో రీడింగ్‌కీ మధ్య అయిపోతాయి. మధ్యలో ఒకసారి లేచి టీ కూడా పెట్టుకోవచ్చు.

నవలే కావాలంటే డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిన్న పుస్తకం. ఒక ముసలివాడు, తప్పిపోయిన సూడిపంది, అడవి. అంతే. ఆయన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రి డాక్టరుగా పనిచేస్తూ నవలలు రాశాడు. మంచి ఎండాకాలం రాత్రి మొదలుపెట్టాను. ఫీడర్ల మీద లోడు ఎక్కువగా ఉండి మాటిమాటికీ లేవాల్సి వచ్చింది. లేచిన ప్రతిసారీ యార్డులో ట్రాన్స్‌ఫార్మర్ వెనక చీకట్లోకి ఒకసారి చూసి వచ్చేవాణ్ని. అంత భయం పెట్టాడు. తెల్లారేలోపు అయిపోయింది. పదేళ్లుగా ఒక్కటీ పూర్తి చేయలేదన్నారు కదా, అట్ట నుంచి అట్ట దాకా చదివాననే ధీమా ఇలాంటి చిన్న పుస్తకంతోనే తిరిగి వస్తుంది.

ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', నామిని 'మిట్టూరోడి కథలు' కూడా చెబుతాను. ఒకటి నెల్లూరు యాస, ఇంకోటి చిత్తూరు యాస. యాస అర్థం కాలేదని పక్కన పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. మొదటి రెండు పేజీలు పైకి చదవండి. కంటికి కొత్తగా ఉన్న మాట చెవికి తెలిసిపోతుంది. నవ్వించి నవ్వించి ఎక్కడో ఒకచోట గొంతు పట్టేస్తారు ఇద్దరూ. బస్సులో మాత్రం చదవకండి, పక్కవాళ్లు మనల్ని అదోలా చూస్తారు.

'కన్యాశుల్కం' అందరూ చెప్పేదే. నేనూ చెబుతాను గానీ ఒక షరతు మీద. ఒక్కరూ మౌనంగా చదవకండి. అది నాటకం. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, మీరు గిరీశం, వాళ్లు వెంకటేశం అయిపోండి. గురజాడ దాన్ని 1897లో ఒకసారి అచ్చువేసి, తృప్తి లేక తిరగరాసి 1909లో మళ్లీ వేశాడు. మనం చదివేది ఆ రెండోదే. అంత చెక్కాడు కాబట్టే ఇవాళ్టికీ ఆ మాటలు నోట్లో అలా ఒదుగుతాయి. నేనూ మా అబ్బాయీ కరెంట్ పోయిన ఒక సాయంత్రం మొదటి అంకం చదివాం. అవునండీ, సబ్‌స్టేషన్ వాడింట్లోనూ కరెంట్ పోతుంది.

అనువాదాల్లో ఒక్కటి చెప్పమంటే 'ఏడుతరాలు'. అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి చేసిన తెలుగు. సంక్షిప్తమే అయినా అలా అనిపించదు. అనువాదం అంటే డిక్షనరీ పక్కన పెట్టుకుని మాటకు మాట మార్చడం కాదని నాకు తెలిసింది ఈ పుస్తకంతోనే. ఈమధ్య వచ్చే గెలుపు సూత్రాల పుస్తకాల తెలుగు చదివితే మాత్రం పళ్లు నొప్పి పెడతాయి. అవి చదవొద్దని అనను. నేను మూడు చదివాను. మూడూ పొద్దున్నే ఐదింటికి లేవమన్నాయి. నేను ఐదింటికి మెలకువగానే ఉంటాను, డ్యూటీలో.

సెలవు రోజుకి, తీరిగ్గా కూర్చునే మధ్యాహ్నానికి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. ఇంట్లోవాళ్లేమో సంస్కృతం చదువుకో అంటే, ఆయన తెలుగు వైపు ఎలా జారిపోయాడో ఆయనే చెప్పుకున్న కథ. కథ కోసం కాదు, ఆ తెలుగు కోసం చదవాలి. రోజుకి పది పేజీలు మించి నేను చదవను. అయిపోతుందేమోనని.

చదవలేకపోయినవీ చెప్పాలి కదా. 'వేయిపడగలు' మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ ఆపేశాను. గొప్ప నవల కాదని అనడం లేదు. నాకు ఇంకా ఆ వేళ రాలేదు, అంతే. పుస్తకాన్ని మధ్యలో వదిలేయడం పాపమేమీ కాదు. యాభై పేజీలు చూస్తాను, పట్టుకోకపోతే అట్ట లోపల పెన్సిల్‌తో తారీఖు వేసి అల్మరాలో పెట్టేస్తాను. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ తీసి ఒక్క గుక్కలో చదివినవి ఉన్నాయి. ఏడాదికి వంద పుస్తకాలు అని లెక్క చెప్పేవాళ్లని చూస్తే నాకు మా మీటర్ రీడర్లు గుర్తొస్తారు. పాపం వాళ్లకి టార్గెట్ ఉంది, మనకెందుకు?

కొనడం గురించి. విజయవాడ పుస్తక మహోత్సవానికి ప్రతి జనవరిలో ఒకరోజు వెళతాను. ఫోన్‌లో డబ్బులు ఉంటే చెయ్యి ఆగదు కాబట్టి మూడువేలు నోట్లు జేబులో పెట్టుకుని ఫోన్ మా ఆవిడకి ఇచ్చేస్తాను. అక్కడే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు ఉన్నాయి. ఒకసారి ఒక పాత నవల తీస్తే మొదటి పేజీలో వంకీలు తిరిగిన రాతతో 'నూతన వధూవరులకు శుభాకాంక్షలతో' అని ఉంది. పెళ్లిళ్లలో నవలలు చదివించే రోజులు ఉండేవి మరి. ఇంటికొచ్చి చూద్దును కదా, మధ్యలో రెండు పేజీలు అంచు దగ్గర కోయకుండా అతుక్కునే ఉన్నాయి. అంటే ఆ దంపతులు చదవనే లేదు. బ్లేడుతో నేనే కోశాను.

అన్నీ కొననక్కర్లేదు కూడా. మీరు కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు, రసీదు తీసి చూడండి. కట్టిన డబ్బుకైనా ఒకసారి మీ ఊరి లైబ్రరీ లోపలికి వెళ్లండి. మాకు పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918 నాటిది. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. మావైపు వస్తే అందరూ జీడిపప్పు కొనుక్కుని వెళ్లిపోతారు. ఒక గంట ఉండి ఆ పాత పత్రికల వాసన కూడా పీల్చి వెళ్లమని చెబుతుంటాను.

పుస్తకాలు ఎరువివ్వడం మీద నన్ను అడగకండి. ఒక నోటుబుక్‌లో పేర్లు రాసుకుంటాను, పదకొండు ఇంకా వెనక్కి రాలేదు. ఒకటి మాత్రం ఏడాదికి వచ్చింది, పేజీల నిండా పసుపు మరకలతో. విసుక్కోబోతే, 'మా అత్తగారు వంటింట్లో చదివారు, ఇంకోటి ఉంటే ఇమ్మన్నారు' అంది తీసుకున్నావిడ. ఇంకేం అంటాం, రెండు ఇచ్చి పంపాను.

అన్నట్టు, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లకి చదివి వినిపించండి. మీకు ఒంటరిగా చదివే టైమ్ లేకపోయినా ఇది కుదురుతుంది. మా అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు మొదలైన అలవాటు ఇప్పటికీ సాగుతోంది. అన్నం తిన్నాక రెండు పేజీలు, మహా అయితే నాలుగు.

నాకు చదువు పిచ్చి పట్టించింది ఆవిడే. వారపత్రికల్లో సీరియల్స్ వారం వారం చింపి, దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. అలా కుట్టినవి ట్రంకు పెట్టె నిండా ఉండేవి. పన్నెండేళ్లప్పుడు అందులో ఒకటి చదువుతుంటే పదమూడో భాగం తర్వాత పదిహేను వచ్చింది. ఆ వారం పత్రిక ఎవరో తీసుకెళ్లి ఇవ్వలేదట. ఏడుపు మొహం పెట్టుకుని వంటింట్లోకి వెళ్తే, చేటలో బియ్యం ఏరుతూ ఆ భాగం మొత్తం చెప్పింది. రైలు తప్పిపోతుంది. ఆ పిల్ల టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, మూత తియ్యకుండా, రాత్రి దాకా స్టేషన్‌లో కూర్చుంటుంది. ఆ క్యారియర్ నా కళ్లకి ఇప్పటికీ కడుతుంది. పైగిన్నె మూత మీద సొట్ట కూడా ఉందని చెప్పింది.

కిందటేడు లెనిన్ సెంటర్‌లో ఆ నవల మొత్తం దొరికింది. ఆశగా పద్నాలుగో భాగం తీశాను. రైలు ఉంది, స్టేషన్ ఉంది, ఆ పిల్లా ఉంది. క్యారియర్ లేదు. రెండుసార్లు వెతికాను. రాత్రి అమ్మకి అదే చదివి వినిపించి, 'ఇందులో క్యారియర్ లేదేంటమ్మా?' అన్నాను.

'లేకపోవడమేంటిరా, క్యారియర్ లేకుండా ఆ పిల్ల చేతులూపుకుంటూ అంతసేపు ఎందుకు కూర్చుంటుంది? అచ్చులో వదిలేసుంటారు' అంది.