ఒకటో తారీకున దాచిపెట్టే చెప్పులు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణంలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. ఖర్చులు పోను నెలకు పాతిక వేలు మిగులుతాయి. రెండేళ్లుగా ఒకావిడతో కలిసి ఉంటున్నాను. ఆవిడకు 38. భర్త ఆరేళ్ల కిందట యాక్సిడెంట్‌లో పోయాడు. ఇంటర్ ఫస్టియర్ చదివే కూతురుంది. ఆవిడ బట్టలు కుడుతుంది. ఇంటద్దె, సరుకులు, కరెంటు బిల్లు అన్నీ నేనే చూసుకుంటాను. ఆవిడకు నెలకు 4,000 వితంతు పెన్షన్ వస్తుంది. వార్డు సచివాలయం లెక్కలో ఆ ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్లిద్దరే. అందుకని పెన్షన్ ఇంటికి తెచ్చిచ్చే ప్రతి ఒకటో తారీకున తెల్లారేసరికి నేను బయటికి వెళ్లిపోవాలి. దండెం మీద నా చొక్కా, గుమ్మం ముందు నా చెప్పులు కూడా కనబడకూడదు. టీకొట్టు దగ్గర కూర్చుని, ఫోన్ వచ్చాక తిరిగొస్తాను. మొన్న కుళాయి దగ్గర గొడవైతే పక్కింటావిడ ‘నీ సంగతి సచివాలయంలో చెప్తా’ అంది. పోయిన నెల పెన్షన్ ఇవ్వడానికి వచ్చినాయన నా బండి చూసి ఎవరిదని అడిగితే ‘మా దూరపు అన్నయ్యది’ అందట. అది తెలిసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పెళ్లి చేసుకుందామంటే పెన్షన్ పోతుందంటుంది. మొదటి భర్త పేరు మీద వచ్చిన అరవై సెంట్లు కూడా అత్తింటివాళ్లు లాక్కుంటారని భయం. నాలుగు వేలకున్న విలువ నాకు లేదా? నేనూ నా భార్యా పదేళ్ల కిందటే పెద్దమనుషుల్లో పెట్టుకుని విడిపోయాం. పిల్లల్లేరు. నా వైపు నుంచి ఏ అడ్డూ లేదు. ఆవిడకు తెలియకుండా నేనే సచివాలయంలో చెప్పేస్తే పెన్షన్ ఆగిపోతుంది, అప్పుడైనా పెళ్లికి ఒప్పుకుంటుంది కదా. తప్పంటారా?

జవాబు: తప్పే. చెప్పకండి.

ఆ పెన్షన్ న్యాయంగా వస్తోందని నేనిలా అనడం లేదు. దాని సంగతికి తర్వాత వస్తాను. మీరు చెప్పాలనుకుంటున్నది ప్రభుత్వ సొమ్ము మీద బెంగతో కాదు. ఆవిడ చేతిలోది జారిపోతే మీ చెయ్యి పట్టుకుంటుందని మీ ఆశ. అంటే సచివాలయాన్ని పెళ్లిళ్ల పేరయ్యను చేస్తున్నారు. అలా కుదిరిన పెళ్లిలో, ఎవరు చెప్పారో తెలిసిన రోజున ఆవిడ మీ మొహం ఎలా చూస్తుంది? తెలియకుండా పోదు. మీ ఊరు అంత పెద్దదేమీ కాదు.

‘అన్నయ్య’ అన్న మాట గుచ్చుకుంటుంది, కాదనను. కానీ ఎదురుగా మెషిన్ పట్టుకున్న ఉద్యోగి, వెనకాల ఎదిగిన కూతురు ఉన్నప్పుడు ఆ ఒక్క క్షణంలో ఆవిడ ఇంకేమనాలి? ‘బావ’ అంటే వీధి వీధంతా నవ్వేది. అనుమానానికి తావివ్వని వరస మనకున్నది అదొక్కటే. పైగా నెలనెలా ఆ గుమ్మానికి వచ్చే మనిషికి బండి ఎవరిదో తెలియదనుకోకండి. చాలామంది చూసీ చూడనట్టు పోతారు. ఎవరైనా కాగితం మీద ఫిర్యాదు పెట్టేదాకానే ఆ మంచితనం.

ఇక రూల్ ఏమంటుందంటే, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెన్షన్ ఆగుతుంది. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వితంతు పెన్షన్ మార్గదర్శకాల్లోనూ అదే ఉంది. పెళ్లి కాలేదు కాబట్టి గీత దాటలేదని ఆవిడ తనకు తాను చెప్పుకుంటూ ఉండొచ్చు. కానీ ఆవిడకు వచ్చే రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసాకు ఇంకో గీత ఉంది. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మీ పాతిక వేలు ఆ లెక్కలోకి రాకపోవడానికి కారణం ఒక్కటే, ఏ ఇంట్లో ఎవరెవరుంటారో సచివాలయం రాసుకునే లెక్కలో, అంటే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మీ పేరు లేదు. పొయ్యి ఒకటే, లెక్కలు రెండు. ఏడాదికి 48,000, రెండేళ్లకు 96,000. విచారణకు వస్తే నోటీసు ఇస్తారు, పెన్షన్ ఆపుతారు, తీసుకున్నది తిరిగి కట్టమనవచ్చు కూడా. ఆవిడకు ఈ మాటలు మీరు బెదిరింపులా కాకుండా చెప్పగలిగితేనే చెప్పండి.

మీరు నాలుగు వేలను మీతో తూకం వేస్తున్నారు. ఆవిడ అలా వెయ్యడం లేదని నా నమ్మకం. 2024 జులై ఒకటిన పాత బకాయితో కలిపి 7,000 ఇచ్చారు గుర్తుందా? అప్పటికి మీరు ఆవిడ జీవితంలో ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆ డబ్బుతో ఏం కొన్నావని ఎప్పుడైనా అడిగి చూడండి. పైసలతో సహా చెబుతుందని పందెం. భర్త పోయాక ఎవరి మొహం చూడకుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా ఖర్చుపెట్టుకున్న డబ్బు అది. మీరు రెండేళ్లుగా ఇల్లు నడుపుతున్నానన్నారు. మంచిదే. అద్దె కాగితం ఎవరి పేరున ఉంది? గ్యాస్ ఎవరి పేరున? మీ షాపులో, మీ ఎల్ఐసీలో, మీ బ్యాంకు ఖాతాలో ఆవిడ పేరు ఎక్కడైనా ఉందా? లేకపోతే ఆవిడ పేరున ఉన్నది ఆ పెన్షన్ కార్డు ఒక్కటే.

ఇంకో భయం కూడా ఉంటుంది, మగవాళ్లకు తట్టనిది. ఇవాళ పెళ్లి చేసుకుంటే ఆవిడ వితంతువు కాకుండా పోతుంది. రేపు మీరు కాదంటే మళ్లీ ఆ పెన్షన్‌లోకి వెళ్లడానికి లేదు. ఒంటరి మహిళ కింద అడగాలంటే 35 ఏళ్లు దాటి, విడిపోయి ఏడాది గడిచి ఉండాలి. అడగ్గానే మంజూరు కాదు కూడా. ఆ ఏడాది ఎలా గడుస్తుందో ఆవిడ ఒకసారి చూసింది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యానికి వస్తాను. ‘పెద్దమనుషుల్లో పెట్టుకుని విడిపోయాం’ అన్నారు. విడాకులు తీసుకున్నాం అనలేదు. మీరు హిందూ వివాహ చట్టం కిందికే వస్తారనుకుని చెబుతున్నాను: పెద్దల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్నది విడాకులు కావు. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం విడిపోవడాన్ని చట్టం ఒప్పుకుంటుందని ఎవరో ఒకరు మీకు చెబుతారు. నిజమే, 29వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ ఆచారం మీ కులంలో ఉందని కోర్టులో రుజువు చెయ్యాల్సింది మీరే. అంతవరకు పదేళ్లుగా కనబడని ఆవిడే మీ భార్య.

అంటే మీరు అడుగుతున్న పెళ్లి ఇవాళ జరిగితే అది చెల్లదు. రెండో పెళ్లి నేరం కూడా, పాత శిక్షాస్మృతిలో 494, ఇప్పటి న్యాయ సంహితలో 82. మీకేదైనా అయితే షాపుకు వారసురాలు ఆ మొదటి భార్యే అవుతుంది. ఈవిడకు పెన్షనూ ఉండదు, భార్యగా హక్కూ ఉండదు. పెళ్లి కాకుండా కలిసున్నా రక్షణ ఉంటుందిగా, 2005 గృహహింస చట్టం ఉందిగా అంటారేమో. 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు, అలాంటి బంధంలో ఇద్దరూ పెళ్లికి అర్హులై ఉండాలంది. 2013లో ఇంద్రా శర్మ కేసులో, అతనికి భార్య ఉందని తెలిసీ కలిసున్న స్త్రీకి ఆ రక్షణ ఇవ్వలేదు. ఒకటో తారీకున చెప్పులు దాచమని ఆవిడ అడుగుతోంది, మీకు కష్టంగా ఉంది. మీరు ఇంతకాలం దాచింది దానికన్నా పెద్దది. కావాలని దాచారని అనను. మీకే తెలియకపోయి ఉండొచ్చు.

కాబట్టి ముందు మీ కాగితం సరిచేసుకోండి. మొదటి భార్య ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి పిటిషన్ వెయ్యొచ్చు. ఏడాదికి పైగా విడిగా ఉన్నట్టు చూపాలి, మీకు పదేళ్లు. ఆ తర్వాత ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కారణం ఉంటే దాన్ని కోర్టు మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆవిడ భరణం అడిగితే అడగనివ్వండి, అది ఆవిడ హక్కు.

రెండోది డబ్బు. పెన్షన్ ఏడాదికి 48,000. కూతురి చదువుకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ కింద ఏడాదికి 13,000 పడుతుంటే, మీ ఆదాయం కలిశాక అదీ ఆగొచ్చు. మొత్తం 61,000, నెలకు అయిదు వేల పైచిలుకు. అంత మొత్తం నెలనెలా ఆవిడ ఒక్కదాని పేరున ఉన్న ఖాతాలో వెయ్యండి. ఇంటి ఖర్చు అందులోంచి తియ్యకూడదు. దేనికి వాడావని అడక్కూడదు. ఒకటో తారీకునే వెయ్యండి, కావాలంటే. ఆర్నెల్లు వరసగా పడ్డాయంటే ఆవిడతో మాట్లాడటానికి మీకు అర్హత వస్తుంది. ఉపన్యాసాలిస్తే రాదు.

పెన్షన్ మానుకోవడం మాత్రం విడాకుల తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేదని నా అభిప్రాయం. ఆదాయం గీత ఇప్పటికే దాటింది. ఆ డబ్బు ఖాతాలో పడటం మొదలయ్యాక ఆవిడే వెళ్లి, కుటుంబ పరిస్థితి మారింది, ఇక పెన్షన్ వద్దని వార్డు సచివాలయంలో రాసిచ్చి, అందినట్టు కాగితం తీసుకోవాలి. పక్కింటావిడ ఫిర్యాదు అంతకుముందే వస్తే, విచారణకు వచ్చినవాళ్ల ముందు ఇంకో వరస కల్పించకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. ఇదంతా ఆవిడ నిర్ణయం. మీరు పక్కన కూర్చోవచ్చు, ఆవిడ బదులు సంతకం పెట్టలేరు.

అరవై సెంట్ల గురించి అత్తింటివాళ్లు చెప్పేది పాతకాలం మాట. 1856లో వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసినప్పుడు, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు, మళ్లీ పెళ్లాడితే మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుందని అందులోనే రాశారు. రాజమండ్రిలో 1881 డిసెంబర్ 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన నాటికి ఆ షరతు ఉంది. ఇప్పుడు లేదు. ఆ చట్టాన్నే 1983లో రద్దు చేశారు. అంతకుముందే 1956 వారసత్వ చట్టం, భర్త పోయినప్పుడు ఆవిడకు వచ్చిన వాటాను పూర్తిగా ఆవిడదే చేసింది. ఆ సెంట్లు భర్త పేరున ఉండి ఆవిడ వాటాకు వచ్చినవే అయితే పెళ్లితో పోవు. ఆవిడ మామగారి పేరున ఉన్నవైతే వేరే సంగతి. పాస్‌బుక్ లాయర్‌కు చూపించి అడగండి.

కూతురి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. ఒకటో తారీకున మీరు గుమ్మం దాటి వెళ్లడం, పని అయ్యాక తిరిగి రావడం ఆ పిల్ల రెండేళ్లుగా చూస్తోంది. తల్లికి చెప్పేముందు కాకపోయినా, ఇంకెవరో చెప్పేలోపు ఆమెతో మాట్లాడండి.

లాయర్ ఖర్చు గురించి బెంగ వద్దు. కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా సలహా ఇస్తారు, భూమి సంగతి అక్కడే తేలుతుంది. వెళ్లేటప్పుడు ఆ పెద్దమనుషుల కాగితం, మీ పాత పెళ్లి ఫొటో పట్టుకెళ్లండి. ఆవిడను కూడా తీసుకెళ్లండి. మీకింకా విడాకులు కాలేదన్న మాట లాయర్ చెప్పకముందే, దారిలో మీ నోటితో మీరే చెప్పండి.