చలికాలం చివర్లో ట్రౌట్ చేపల కోసం ఏ వేళకు వెళ్లాలి?

తెల్లవారకముందే పిల్లలను లేపనక్కరలేదు. ట్రౌట్ శీతల రక్త జీవి. నీరు చల్లబడితే ఆకలి మందగిస్తుంది. ఫిబ్రవరి, మార్చిలలో మధ్యాహ్నపు ఎండకు నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కాకే మేతకు కదులుతుంది. కాబట్టి పదకొండు నుంచి మూడు గంటల దాకా చాలు.

అమెరికాలో విస్కాన్సిన్ నైరుతి మూలనున్న డ్రిఫ్ట్‌లెస్ అనే ప్రాంతపు వాగులు ఇందుకు అనువైనవి. సున్నపురాతి పొరల ఊటనీరు కలవడం వల్ల అవి చాలాచోట్ల గడ్డకట్టవు. ఆ కాలంలో పట్టిన చేపను తిరిగి వదిలేయాలన్నది అక్కడి నిబంధన; కూర ఆశ వద్దు.

చేపలు నెమ్మదైన మడుగుల అడుగున ఉంటాయి. నీటిపురుగు పిల్లను పోలిన, కాస్త బరువున్న ‘నింఫ్’ అనే కృత్రిమ ఎరను వాగు అడుగుకు దగ్గరగా ప్రవాహంతోపాటు సాగనివ్వండి. శుభ్రంగా మెరిసే గులకరాళ్ల మీద మాత్రం ఎవరూ అడుగు వేయకూడదు. శరదృతువులో బ్రౌన్ ట్రౌట్ పెట్టిన గుడ్లు, అప్పుడే పొదిగిన పిల్లలు వాటి కిందే ఉండవచ్చు.