ప్రాక్టీస్ చేస్తూ ఎల్ఎల్ఎం: వెసులుబాటు కాలేజీలో వెతక్కండి

"విజయవాడ కోర్టుల్లో ఐదేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. కోర్టు మానకుండా, ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో ఎల్ఎల్ఎం చేసే వీలుందా? చేసినా ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు.

కోర్టు మానకుండా చేయొచ్చు, నేను చేశాను. గుంటూరులో సివిల్ సైడు ప్రాక్టీసు, బ్రాడీపేటలో చిన్న ఆఫీసు, ఇంట్లో బడికెళ్లే పిల్లలు. ఇవన్నీ ఉండగానే రెండేళ్ల రెగ్యులర్ ఎల్ఎల్ఎం, అంటే లాలో పీజీ, పూర్తి చేశాను. ఆన్‌లైన్ మాట మాత్రం మర్చిపోండి.

ఆ సంగతి ముందే తేల్చేస్తాను. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ పెట్టిన కోర్సుల జాబితాలో న్యాయవిద్య ఉంది. 2025 జూన్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇంకో సర్క్యులర్ ఇచ్చింది. తమ ముందస్తు అనుమతి లేకుండా ఆన్‌లైన్, దూరవిద్య, హైబ్రిడ్ పద్ధతుల్లో ఎల్ఎల్ఎం నడపొద్దని అందులో చెప్పింది. 'ఎగ్జిక్యూటివ్', 'ప్రొఫెషనల్' అని పక్కన తోక తగిలించినా ఒప్పుకోమంది. అలా వచ్చిన డిగ్రీ లెక్చరర్ ఉద్యోగానికి, దాని అర్హత పరీక్ష నెట్‌కు, పీహెచ్‌డీకి పనికిరాదని కూడా అంది. కాబట్టి మీ వాట్సాప్‌కి "వారాంతపు ఎల్ఎల్ఎం, ఇంటి నుంచే" అని ఏదైనా వస్తే, లక్షలు కట్టే ముందు బార్ కౌన్సిల్ అనుమతి కాగితం చూపించమనండి. చూపించరు.

ఇక్కడ నాకో కడుపుమంట ఉంది, చెప్పుకోనివ్వండి. నేలపాడులో ఉన్న హైకోర్టు ముందు నేను బ్రాడీపేటలో నా టేబుల్ దగ్గర కూర్చుని వీడియోలో వాదించవచ్చు. ఒక మనిషి ఆస్తి ఉంటుందా పోతుందా అన్నది తేలే చోట స్క్రీన్ చాలుతుంది కానీ, జ్యూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ సిద్ధాంతాలు) పాఠం వినడానికి మాత్రం మనిషి బెంచీ మీద ఉండాల్సిందే! దూరవిద్య పేరుతో జరిగిన దందాలు చూశాక బార్ కౌన్సిల్ భయం నాకు అర్థమవుతుంది. కానీ పదేళ్లు ప్రాక్టీస్ చేసినవాళ్లకూ, నిన్నగాక మొన్న ఎల్ఎల్‌బీ ముగించిన పిల్లలకూ ఒకే కొలత పెట్టడం న్యాయంగా లేదు.

ఆన్‌లైన్ కుదరదనగానే మన వాళ్లకు తట్టే రెండో దారి 'నాన్ అటెండింగ్'. ఈ మాట మీరు వినే ఉంటారు. నేను సీటు కోసం తిరుగుతున్నప్పుడు ఒక కాలేజీ ఆఫీసులో, అప్లికేషన్ చేతికివ్వకముందే "మేడం, అటెండింగా? నాన్ అటెండింగా?" అని అడిగారు, హోటల్లో ఏసీనా నాన్ ఏసీనా అన్నట్టు. నాన్ అటెండింగ్‌కి ఫీజు ఎక్కువ. పాఠం చెప్పనందుకు ఎక్కువ డబ్బు! హాజరు పట్టీలో సంతకాలు కూడా వాళ్లే చూసుకుంటారట. తప్పుడు పత్రం సృష్టించారని రోజూ అవతలి పార్టీ మీద అరిచే మనం మన డిగ్రీ కోసం అదే పని చేయించుకోవడం నాకు మింగుడుపడలేదు. ఆ కాలేజీ వదిలేసి, గుంటూరుకీ విజయవాడకీ మధ్య, పొద్దున క్లాసులు పెట్టే ఇంకో చోట చేరాను.

ఇక అసలు విషయం. అందరూ వెసులుబాటు ఎక్కడుందని కాలేజీ బ్రోచర్లలో వెతుకుతారు. అది అక్కడ ఉండదు. మీ బార్‌లో ఉంటుంది. మీకు బదులు లేచి నిలబడి, కేసు కాసేపాగి పిలవమని "పాస్ ఓవర్ సర్" అనే పక్క ఛాంబర్ వాళ్ల దగ్గర, కాజ్ లిస్టు (మర్నాటి కేసుల జాబితా) చూసి రాత్రే ఫోన్ చేసే గుమస్తా దగ్గర, అన్నిటికన్నా ముందు మీ సీనియర్ దగ్గర ఉంటుంది. ఈ ముగ్గురూ సరేనంటే ఏ కాలేజీ అయినా మీకు వెసులుబాటుగానే ఉంటుంది. వీళ్లు లేకపోతే కాలేజీ మీ ఇంటి ఎదురుగా ఉన్నా నడవదు.

ఒక రోజు సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. మా దగ్గర ఒక మిర్చి కేసు ఉంది. గుంటూరులో మిర్చి కేసులు ఎప్పుడూ ఉంటాయనుకోండి. పల్నాడు వైపు రైతు తన మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు, అంటే సరుకు రశీదు, తీసుకున్నాడు. రేటు వచ్చాక అమ్ముదామని వెళితే సరుకు లేదు. కమీషన్ వ్యాపారి చీటీ చూపించి ఎత్తుకుపోయాడట. బాండేమో మా రైతు జేబులోనే ఉంది. సరుకు విలువ ఇప్పించమని దావా వేశాం. కోల్డ్ స్టోరేజీ మేనేజరు డి.డబ్ల్యూ.1, అంటే అవతలి పక్షం మొదటి సాక్షి. అతని క్రాస్ ఎగ్జామినేషన్ ఏ రోజుకు పడిందో, ఆ రోజే మధ్యాహ్నం రెండింటికి నాకు కమర్షియల్ లా పరీక్ష.

వాయిదా అడిగే దారి లేదు. అప్పటికే రెండు వైపులా వాయిదాలు తినేశాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 సంగతి మీకు తెలిసిందే కదా. ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. ప్లీడరు వేరే కోర్టులో ఉన్నారన్నది కూడా వాయిదాకు కారణం కాదు. ఇక పరీక్ష ఉందని ఏ మొహం పెట్టుకుని అడగను?

కాల్ వర్క్ (ఆ రోజు కేసులన్నీ ఒకసారి పిలవడం) అయ్యాక లేచి, మా కేసు ముందు తీసుకోమని అడుగుదామని చూస్తున్నాను. ఈలోపే అవతలి ప్లీడరు గారు, మా సీనియర్ వయసాయన, లేచారు. "సర్, ఇది ముందు తీసుకోండి. అమ్మాయికి పరీక్ష ఉంది" అన్నారు. నలభైకి దగ్గర పడుతున్న నన్ను నిండు కోర్టులో అమ్మాయి అంటారా అని ఒక్క క్షణం చురుక్కుమంది. కానీ ఆయన ఒప్పుకోకపోతే ఆ రోజు నా పరీక్ష గోవిందా. జడ్జి గారు కళ్లజోడు పైనుంచి చూసి "ఏం పరీక్షమ్మా?" అన్నారు. చెప్పాను. "ఇప్పుడెందుకు?" అనలేదు, అదే పదివేలు. ఆ మాట అప్పటికే బార్ హాల్లో చాలామంది అనేశారు, అందరూ మగవాళ్లే. అదే మగ ప్లీడరు చదివితే "పట్టుదల ఉన్నవాడు" అంటారు.

క్రాస్ మొదలైంది. డెలివరీ రిజిస్టరు తెప్పించారు. పొడుగాటి రిజిస్టరు, పేజీల అంచులన్నీ ఎర్రగా ఉన్నాయి. తెరవగానే బెంచ్ క్లర్కు తుమ్మాడు, తర్వాత నేను తుమ్మాను, ఆ తర్వాత సాక్షి. మిర్చి ఘాటు. నాకు కావలసిన పేజీలో చివరి గడి 'బాండు వాపసు'. పై వరుసలో టిక్కు ఉంది. కింది వరుసలో టిక్కు ఉంది. మా రైతు లాటు దగ్గర ఖాళీ.

"దీనికే ఎందుకు లేదండీ?" అన్నాను.

"గుమస్తా మరిచిపోయి ఉంటాడు."

"బాండు తీసుకోకుండా సరుకు బయటికి వదలడం మీ దగ్గర మామూలేనా?"

"లేదండి. అలా ఎప్పుడూ ఇవ్వం."

అది రికార్డయింది. ఆ తర్వాత నేను ఎక్కువ అడగలేదు. సాక్షి మనకు కావలసింది చెప్పాక ఇంకో ప్రశ్న వేస్తే దాన్ని సర్దుకునే అవకాశం మనమే ఇచ్చినట్టు. ఎల్ఎల్ఎం చదవకపోతే ఆ గడి నా కంటికి ఆనేది కాదని నేను గట్టిగా చెబుతాను. ముందు రాత్రి పరీక్ష కోసం కాంట్రాక్ట్ యాక్టులో బెయిల్‌మెంట్ (సరుకు ఇంకొకరికి అప్పగించి ఉంచడం) భాగం, సెక్షన్ 148 నుంచి, మళ్లీ చదివాను. 2007 నాటి వేర్‌హౌసింగ్ చట్టం కూడా చూశాను. రశీదు వెనక్కి రాకుండా సరుకు కదలకూడదన్న ఆలోచన తలలో తిరుగుతూనే ఉంది. మా సీనియర్ గారు మాత్రం "ఆ గడి చదువులేని రైతుకైనా కనపడుతుందమ్మా" అంటారు. ఆయన అలాగే అంటారులెండి.

అక్కడి నుంచి స్కూటీ మీద హైవే పట్టుకుని వెళ్లేసరికి హాల్లో పేపర్ ఇచ్చేశారు. నల్లకోటు చేతి మీద వేసుకుని, మెడలో బ్యాండ్స్ తీయకుండానే లోపలికి అడుగుపెట్టాను. ముందు బెంచీల పిల్లలు ఫ్లయింగ్ స్క్వాడ్ అనుకుని గబుక్కున లేచి నిలబడ్డారు. వెనక ఒకడు చొక్కా లోపల ఏదో సర్దుకున్నాడు. పేపర్లో బెయిల్‌మెంట్ మీద ఒక్క ప్రశ్న లేదు. కంపెనీ లా నుంచే సగం ఇచ్చారు. ఇండోర్ మేనేజ్‌మెంట్ సూత్రం గురించి తోచింది రాసి బయటపడ్డాను. పాసయ్యాను.

ఆ దావా మాకు అనుకూలంగా డిక్రీ అయింది, వడ్డీ మాత్రం అడిగినంత రాలేదు. అవతలి వాళ్లు అప్పీలుకు వెళ్లారు, నడుస్తోంది.

డిసర్టేషన్ కూడా దాని మీదే చేశాను. మన కోల్డ్ స్టోరేజీలు ఇచ్చే బాండు 2007 చట్టం చెప్పే నెగోషియబుల్ (చేతులు మార్చుకోగల) రశీదు కిందికి వస్తుందా అన్నది ప్రశ్న. ఆ చట్టం కింద రిజిస్టరైన గోదాములే అలాంటి రశీదు ఇవ్వగలవు. రిజిస్టరు కాని చోట ఇచ్చిన బాండు ఎంత అందంగా అచ్చేసినా అది కాదు. అప్పుడు రైతు పాత కాంట్రాక్ట్ యాక్టునే పట్టుకోవాలి. మిర్చి యార్డు చుట్టూ ఇంత వ్యాపారం జరుగుతుంటే దీని మీద మన బార్‌లో ఎవరూ రెండు పేజీలు రాయలేదేమిటా అనిపించింది. మీరు చేరితే నా సలహా ఇదొక్కటే: ఇంటర్నెట్‌లో దొరికే 'మహిళా హక్కులు: ఒక పరిశీలన' రకం టాపిక్ తీసుకోవద్దు. మీ బీరువాలో దుమ్ము పట్టిన ఫైళ్లు తిరగేయండి, ఏ పాయింటు దగ్గర మీరు ఓడిపోయారో అదే తీసుకోండి. చదువు, ప్రాక్టీసు రెండూ ఒకే పని అయితే టైమ్ చాలలేదన్న టెన్షన్ సగం పోతుంది.

ఉపయోగం అడిగారు కదా. క్లయింటు మీ బోర్డు మీద ఎల్ఎల్ఎం చూసి ఫీజు పెంచడు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు అది అక్కర్లేదు. 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది మూడేళ్ల ప్రాక్టీసునే కానీ పీజీని కాదు. లా కాలేజీలో పాఠాలు చెప్పాలంటే మాత్రం కావాలి. నాకు దక్కిన లాభం వేరు. ఎన్‌రోల్‌మెంట్ అయ్యాక మనలో ఎక్కువమంది బేర్ యాక్టు (ఉత్త చట్టం పాఠం) తప్ప ఏమీ చదవం, అదీ కేసు పడితేనే. 2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చినప్పుడు చూడాలి మా బార్ హాల్! పాత సీఆర్‌పీసీలో 482 అంటే ఎఫ్‌ఐఆర్ కొట్టేయమని హైకోర్టుకు వెళ్లే సెక్షన్. దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే 482 ముందస్తు బెయిలు. క్వాష్‌కి, అంటే ఆ కొట్టివేతకు, 528 చూసుకోవాలి. ముప్పై ఏళ్ల సీనియర్లు కూడా జూనియర్లను పక్కకు పిలిచి అడిగారు. మళ్లీ క్లాసులో కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకు ఆ కంగారు తక్కువ. ఇది నా అభిప్రాయం, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

రెండేళ్లు రోజూ వెళ్లలేను, డిగ్రీ పేరు ముఖ్యం కాదు, విషయం కావాలి అనుకుంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో దూరవిద్య పద్ధతిలో బిజినెస్ లాస్ మాస్టర్స్, డిప్లొమాలు ఉన్నాయి. హైదరాబాద్ నల్సార్ కూడా పీజీ డిప్లొమాలు ఇస్తుంది. వాటిని ఎల్ఎల్ఎం అని మాత్రం ఎవరికీ చెప్పకండి. లండన్ యూనివర్సిటీ ఎల్ఎల్ఎం దూరవిద్యలోనే ఉంది. ముక్కలు ముక్కలుగా, ముందు సర్టిఫికెట్, తర్వాత డిప్లొమా, ఆపైన డిగ్రీ, ఐదేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. ఆర్బిట్రేషన్, షిప్పింగ్ లాంటివి చేసేవాళ్లకు మంచిదే. ఇక్కడ లెక్చరర్ పోస్టు కోసమైతే దాన్ని నమ్ముకోవద్దు. విశాఖ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీలో ఏడాది ఎల్ఎల్ఎం ఉంది కానీ, విజయవాడ ప్రాక్టీసు వదిలి వెళ్లాలి, మీ ప్రశ్నే అది వద్దని కదా.

మీకు మాకన్నా ఒక సుఖం ఉంది. 2022 ఆగస్టులో అప్పటి సీజేఐ జస్టిస్ ఎన్.వి. రమణ గారు ప్రారంభించిన కొత్త భవనంతో మీ కోర్టులు ఒక్క చోటికి వచ్చాయి. ఒక ఫ్లోర్‌లో మీ స్నేహితుడు ఉంటే ఇంకో ఫ్లోర్‌లో మీ కేసు చూసుకోగలడు. కాబట్టి ముందు వెళ్లి మీ సీనియర్ గారిని అడగండి, పొద్దున పూట రెండు గంటలు వదులుతారా అని. వదులుతానంటే ఎల్ఎల్ఎం ప్రవేశ పరీక్ష పీజీఎల్‌సెట్‌కి అప్లై చేయండి. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. 40 మార్కులకు జ్యూరిస్‌ప్రుడెన్స్, రాజ్యాంగం, మిగతా 80కి అంతర్జాతీయ న్యాయం, మెర్కంటైల్, లేబర్, క్రైమ్స్, టార్ట్స్, ఐపీఆర్. ప్రాక్టీస్‌లో ఉన్నవాళ్లు తడబడేది జ్యూరిస్‌ప్రుడెన్స్ దగ్గరే. ఆస్టిన్, కెల్సన్ ఎవరో మనకు మరుపొచ్చి ఉంటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి.